ఆరోగ్యశ్రీ బకాయిలు, అప్పుల అంకెలు, పార్టీల విమర్శలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వం మారిన ప్రతిసారీ రెండు విమర్శలు తప్పకుండా వినిపిస్తాయి. పేదవాడి వైద్యాన్ని గాలికొదిలేశారన్నది ఒకటి, రాష్ట్రాన్ని అప్పుల ఊబిలోకి దించారన్నది రెండోది. విమర్శించే గొంతులు మారుతుంటాయి గాని విమర్శలోని మాటలు పెద్దగా మారవు. ఈ రెండింటి వెనుక ఉన్న లెక్కలను, ఆ లెక్కలు కట్టే పద్ధతులను, పథకాలు నడిచే తీరును పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబుల రూపంలో ఇక్కడ వివరిస్తున్నాం. వైద్యం గురించిన విమర్శ, అప్పుల గురించిన విమర్శ వేర్వేరుగా వినిపించినా అవి ఒకే ఖాతా పుస్తకంలోని రెండు పేజీలని మా అభిప్రాయం.

ఆరోగ్యశ్రీ ఏ పార్టీ పథకం? పేరు మారిస్తే పథకం ఎత్తేసినట్టేనా?

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాంగ్రెస్ ప్రభుత్వం 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకాన్ని ప్రారంభించి, 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే మరో 50 వేల వరకు, ఎంపిక చేసిన పెద్ద జబ్బులకు నగదు చెల్లించకుండా చికిత్స అందించడం అప్పటి ఏర్పాటు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం దీనిని ఎన్టీఆర్ వైద్యసేవగా మార్చి పరిమితిని రెండున్నర లక్షలకు పెంచింది. 2019లో వైసీపీ ప్రభుత్వం మళ్లీ డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అని పేరు పెట్టి, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలను చేర్చి, 2023 డిసెంబరులో 5 లక్షలున్న పరిమితిని 25 లక్షలకు తీసుకెళ్లింది. 2024లో తెలుగుదేశం నేతృత్వంలోని కూటమి ప్రభుత్వం వచ్చాక ఎన్టీఆర్ వైద్యసేవ అన్న పేరు తిరిగి వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరు అలాగే కొనసాగింది. 2023 డిసెంబరు 9న కాంగ్రెస్ ప్రభుత్వం దానికి రాజీవ్ పేరు జోడించి పరిమితిని 10 లక్షలు చేసింది.

పేరు మారినప్పుడల్లా ప్రతిపక్షం పథకాన్ని చంపేశారని అంటుంది, అధికారపక్షం కొత్త పథకం తెచ్చామని చెప్పుకుంటుంది. రెండు మాటలూ అతిశయమే. ఆసుపత్రిలో సహాయ కేంద్రం దగ్గర కూర్చునే ఉద్యోగిని ఒక ప్రభుత్వం ఆరోగ్యమిత్ర అంటుంది, మరో ప్రభుత్వం వైద్యమిత్ర అంటుంది. ఆయన నింపే వివరాలు, పంపే దస్త్రాలు, ఎదురుచూసే అనుమతి ఇంచుమించు అవే. బోర్డులకు, కార్డులకు వేసే కొత్త రంగుల ఖర్చు మాత్రం ప్రతిసారీ ప్రజలదే.

పరిమితిని 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచడం వల్ల నిజంగా ఎంత మేలు?

అవయవ మార్పిడి, ఎముక మజ్జ మార్పిడి, దీర్ఘకాల క్యాన్సర్ చికిత్స వంటివి అవసరమైన కుటుంబాలకు ఇది ప్రాణాధారం. కాబట్టి పెంపు ఉత్త ప్రచారమని కొట్టిపారేయడం అన్యాయం. అయితే పథకంలో ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన ప్యాకేజీ ధర ఉంటుంది. ఎక్కువ మంది చేయించుకునే చికిత్సల ధరలు పాత పరిమితిలోనే ఇమిడిపోతాయి. పరిమితి పెంచినప్పుడు ఖజానాపై పడే అదనపు భారం ప్రకటన స్థాయితో పోలిస్తే తక్కువ గనుక, రాజకీయంగా అది చవకైన హామీ. మోకాలి శస్త్రచికిత్సకో గుండెలో స్టెంటుకో ప్యాకేజీ ధరను సవరించడం ఖరీదైన పని, అందుకే అది ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. పరిమితి ఎంతని అడిగేవారు ప్యాకేజీ ధరలు చివరిసారి ఎప్పుడు సవరించారని కూడా అడగాలి.

ఆసుపత్రులకు బకాయిలు పెట్టి పేదలకు వైద్యం ఆపేశారన్న విమర్శలో నిజమెంత?

నిజం చాలానే ఉంది. అయితే అది ఏ ఒక్క పార్టీకో పరిమితమైన నిజం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ అధికారంలో ఉన్న 2024 మే నెలలో నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు) బకాయిల కోసం సేవలు నిలిపివేశాయి. కూటమి ప్రభుత్వ హయాంలో 2025 అక్టోబరులో మళ్లీ నిలిపివేశాయి. తెలంగాణలో 2019 ఆగస్టులో అప్పటి టీఆర్ఎస్ హయాంలోనూ, 2025 సెప్టెంబరులో కాంగ్రెస్ హయాంలోనూ ఇదే జరిగింది. పాత ప్రభుత్వం బకాయిలు మా నెత్తిన పెట్టి వెళ్లిందన్న మాట 2019లో వైసీపీ అంది, 2024లో తెలుగుదేశం అంది.

బకాయి ఎలా పుడుతుందో తెలిస్తే ఈ మాటల పోరు సులభంగా అర్థమవుతుంది. రోగి కార్డు చూపగానే మిత్ర వివరాలు నమోదు చేస్తారు. ఆసుపత్రి వైద్య పరీక్షల నివేదికలను పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టుకు పంపి ముందస్తు అనుమతి తీసుకుంటుంది. చికిత్స పూర్తయి రోగి ఇంటికి వెళ్లాక ఆసుపత్రి క్లెయిము పెడుతుంది, ట్రస్టు వైద్యులు దాన్ని పరిశీలించి ఎంత ఇవ్వాలో ఖరారు చేస్తారు. ఇంతవరకు వైద్య ఆరోగ్య శాఖ పని. ఆ తర్వాత బిల్లు ఆర్థిక శాఖ చేతికి వెళుతుంది. బడ్జెట్‌లో కేటాయింపు ఉన్నా విడుదల ఉత్తర్వు రావాలి, ఉత్తర్వు వచ్చినా ఆ రోజు ఖజానాలో నగదు ఉండాలి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, నగదు బదిలీ పథకాలు అన్నీ అయ్యాక ఆసుపత్రి బిల్లుల వంతు వస్తుంది. బిల్లుకు టోకెన్ నంబరు పడింది గాని డబ్బు పడలేదన్న మాట కాంట్రాక్టర్ల నోటే కాదు, ఆసుపత్రుల లెక్కల విభాగాల్లోనూ వింటాం.

అందుకే బకాయిలపై వాదనలో మంత్రి చెప్పే అంకె, ఆసుపత్రుల సంఘం చెప్పే అంకె ఎప్పుడూ కలవవు. మంత్రి సాధారణంగా ఖరారైన బిల్లులనే లెక్కిస్తారు, పరిశీలనలో ఉన్న క్లెయిములను లెక్కించరు. సంఘం రెండూ కలిపి చెబుతుంది. ఈ ఏడాది ఇన్ని వేల కోట్లు కేటాయించామని మంత్రి జవాబిస్తే అది కేటాయింపు అంకె. అడిగిన ప్రశ్న చెల్లింపు గురించి కాబట్టి అది జవాబే కాదు.

బకాయిలు ఆసుపత్రి యాజమాన్యాల సమస్య కదా, రోగికి దాంతో ఏం సంబంధం?

సమ్మె ప్రకటించిన రోజున మాత్రమే రోగికి ఇబ్బంది అనుకుంటే పొరపాటు. చెల్లింపు ఆలస్యమయ్యే కొద్దీ ఆసుపత్రి ప్రవర్తన మెల్లగా మారుతుంది. పథకం కింద పడకలు ఖాళీ లేవు, వారం తర్వాత రండి అంటారు. ఈ ప్యాకేజీలో మంచి ఇంప్లాంట్ రాదు, తేడా మీరు కట్టుకుంటే వేస్తాం అంటారు. పరీక్షలకు నగదు తీసుకుని రసీదు ఇవ్వరు. లాభసాటి ప్యాకేజీలున్న చికిత్సలు చేస్తూ, ధర గిట్టుబాటు కాని వాటిని ప్రభుత్వాసుపత్రికి పంపిస్తారు. ఇవన్నీ నిబంధనలకు విరుద్ధమే, అయినా నెలల తరబడి డబ్బు అందని ఆసుపత్రిపై చర్య తీసుకునే నైతిక బలం ప్రభుత్వానికి ఉండదు. చిన్న పట్టణాల్లోని నర్సింగ్ హోములు అసలు పథకం నుంచే తప్పుకుంటాయి, కార్పొరేట్ ఆసుపత్రులు ఎలాగో నెట్టుకొస్తాయి. దాంతో పార్వతీపురం దగ్గరి రోగి విశాఖపట్నానికి, ఆదిలాబాద్ దగ్గరి రోగి హైదరాబాద్‌కు పరుగెత్తాల్సి వస్తుంది. ప్రతిపక్షం పత్రికా సమావేశంలో చెప్పే వందల కోట్ల అంకె కంటే ఈ దారి ఖర్చు ఆ కుటుంబానికి పెద్ద సంగతి.

ఆంధ్రప్రదేశ్‌లో బీమా విధానం తేవడం ఆరోగ్యశ్రీని ప్రైవేటు కంపెనీలకు అమ్మేయడమేనా?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఒక మిశ్రమ విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు ఖర్చును బీమా కంపెనీ భరిస్తుంది, అంతకు మించి 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తుంది. ఇది ప్రైవేటీకరణ అని వైసీపీ తీవ్రంగా విమర్శించింది. ఒక విషయం గుర్తు చేయక తప్పదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే బీమా పద్ధతిలో. అప్పుడు స్టార్ హెల్త్ అనే ప్రైవేటు కంపెనీకే బాధ్యత అప్పగించారు, ట్రస్టు నేరుగా నడిపే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. పొరుగున తమిళనాడు కూడా బీమా కంపెనీ ద్వారానే తన పథకాన్ని నడుపుతోంది. కాబట్టి బీమా అన్న మాట వినగానే పథకం చచ్చిపోయిందనుకోనక్కర్లేదు.

అలాగని విమర్శకు విలువ లేదనీ కాదు. ట్రస్టు పద్ధతిలో ప్రభుత్వం బిల్లు ఆలస్యం చేయగలదు గాని క్లెయిము తిరస్కరించి లాభం మిగుల్చుకునే అవసరం దానికి లేదు. బీమా కంపెనీకి ఆ అవసరం ఉంటుంది. ప్రీమియంలో మిగులు తేలితే ఎంత వెనక్కి ఇవ్వాలి, తిరస్కరించిన క్లెయిముపై రోగి ఎవరికి మొరపెట్టుకోవాలి, అనుమతి ఎన్ని గంటల్లో రావాలి అన్న షరతులు ఒప్పందంలో ఎలా రాశారన్నదే అసలు చర్చ. ప్రభుత్వం ప్రీమియాన్నే సకాలంలో కట్టకపోతే బీమా పద్ధతి కూడా బకాయిల పద్ధతిగానే మారుతుంది. వేదికలపై ఈ షరతుల గురించి మాట్లాడే నాయకుడు ఇరుపక్షాల్లోనూ అరుదు.

కొత్త వైద్య కళాశాలలను పీపీపీకి ఇవ్వడంపై గొడవ ఏమిటి?

వైసీపీ ప్రభుత్వం 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రతిపాదించింది. వాటిలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కళాశాలలు 2023 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి, పాడేరు తర్వాతి ఏడాది మొదలైంది. మిగిలిన వాటిలో పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ)లో పూర్తి చేయాలని కూటమి ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. ప్రభుత్వ ఆస్తులను కట్టబెడుతున్నారంటూ వైసీపీ కోటి సంతకాల సేకరణ చేపట్టింది. ఖజానాలో డబ్బు లేదనీ, పునాదుల దగ్గరే ఆగిన భవనాలను ఏళ్లపాటు వదిలేయడం కంటే ఇది మేలనీ ప్రభుత్వ వాదన.

ఈ గొడవలో ఇరుపక్షాలకూ ఇబ్బంది కలిగించే సంగతులున్నాయి. తాను ప్రారంభించిన కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనే రాష్ట్ర కోటా సీట్లలో 35 శాతాన్ని ఏడాదికి 12 లక్షల ఫీజుతో సెల్ఫ్ ఫైనాన్స్ విభాగానికీ, 15 శాతాన్ని 20 లక్షల ఫీజుతో ఎన్నారై విభాగానికీ కేటాయిస్తూ వైసీపీ ప్రభుత్వం 2023లో ఉత్తర్వులిచ్చింది. ప్రభుత్వ కళాశాలలో సీట్లు అమ్ముతారా అని అప్పుడు తెలుగుదేశం నిలదీసింది, అధికారంలోకి రాగానే ఆ ఉత్తర్వులు రద్దు చేస్తామని ఆ పార్టీ నాయకులు మాట ఇచ్చారు. ఇప్పుడు సీట్ల అమ్మకమని వైసీపీ అంటోంది, నిధుల కొరత అని తెలుగుదేశం అంటోంది. పాత్రలు తారుమారయ్యాయి, సంభాషణలు అవే. రెండు ప్రభుత్వాలూ వేర్వేరు దారుల్లో ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాయి: కళాశాల కట్టడానికి, అంతకంటే ముఖ్యంగా దాన్ని ఏటా నడపడానికి డబ్బు ఎవరు పెట్టాలి? భవనానికి ఒక్కసారి అప్పు తెచ్చి కట్టొచ్చు. ఆచార్యుల జీతాలు, మందులు, పరికరాల మరమ్మతులు ప్రతి ఏడాదీ రెవెన్యూ పద్దులోంచే రావాలి. ప్రారంభోత్సవ శిలాఫలకాలు లెక్కపెట్టే విమర్శకులు ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులను లెక్కపెట్టడం మాత్రం చాలా అరుదు.

రాష్ట్రానికి అప్పు ఎంత? ఒక్కో పార్టీ ఒక్కో అంకె ఎందుకు చెబుతుంది?

దీనికి తెలంగాణ ఉదాహరణ కంటే మంచి పాఠం దొరకదు. 2023 డిసెంబరు 20న ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క శాసనసభలో శ్వేతపత్రం ప్రవేశపెట్టి మొత్తం అప్పు 6,71,757 కోట్లని ప్రకటించారు. నాలుగు రోజుల తర్వాత బీఆర్ఎస్ (ఒకప్పటి టీఆర్ఎస్) నేత కేటీఆర్ స్వేదపత్రం విడుదల చేసి తమ పాలనలో చేసిన అప్పు సుమారు 3.17 లక్షల కోట్లేనన్నారు. ఒకటి రెండో దానికి రెట్టింపు దాటినా, ఆశ్చర్యం ఏమిటంటే రెండూ ఒకే పట్టికలోంచి పుట్టవచ్చు.

శ్వేతపత్రంలోని మొత్తం నాలుగు పద్దుల కూడిక. ఆర్థిక బాధ్యత, బడ్జెట్ నిర్వహణ (ఎఫ్‌ఆర్‌బీఎం) చట్టం పరిధిలోని అప్పు 3,89,673 కోట్లు. ప్రభుత్వం హామీ ఉండి, ప్రభుత్వమే తీర్చాల్సిన కార్పొరేషన్ల అప్పు 1,27,208 కోట్లు. హామీ ప్రభుత్వానిదే అయినా సంస్థలే తీర్చాల్సినవి 95,462 కోట్లు. హామీ లేకుండా సంస్థలు తెచ్చుకున్నవి 59,414 కోట్లు. ఇక రాష్ట్రం ఏర్పడినప్పుడు వారసత్వంగా వచ్చిన అప్పు 72,658 కోట్లు. మొదటి పద్దులోంచి ఈ వారసత్వ అప్పును తీసేస్తే మిగిలేది 3,17,015 కోట్లు. కాంగ్రెస్ అన్నీ కలిపింది, బీఆర్ఎస్ మొదటిది మాత్రమే తీసుకుని అందులోంచి పాతది తీసేసింది. కూడికలో, తీసివేతలో ఎవరూ తప్పు చేయలేదు. తగవంతా ఏది అప్పు అన్న నిర్వచనం దగ్గర.

మా దృష్టిలో రెండో పద్దును అప్పుగా చూడకపోవడం సమర్థనీయం కాదు. కాళేశ్వరం కార్పొరేషన్ వంటి సంస్థకు స్వంత ఆదాయం లేనప్పుడు వాయిదాలు కట్టేది బడ్జెట్టే గనుక దానిని కార్పొరేషన్ అప్పు అనడం కేవలం చిరునామా మార్చడమే. కేంద్రం కూడా 2022లో ఇలాంటి బడ్జెటేతర రుణాలను రాష్ట్ర అప్పుగానే పరిగణిస్తామని రాష్ట్రాలకు తెలిపింది. అలాగే ప్రభుత్వ హామీ లేకుండా స్వంత రాబడితో నడిచే సంస్థ తెచ్చుకున్న రుణాన్ని కూడా కలిపి మొత్తం పెద్దది చేసి చూపడం న్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇదే జరిగిందా?

ఇదే కథ, కొంచెం పెద్ద గొంతుతో జరిగింది. ఎన్నికలకు ముందు పది లక్షల కోట్ల నుంచి 14 లక్షల కోట్ల దాకా రకరకాల అంకెలు ప్రచారంలో తిరిగాయి. 2024 జులై 26న చంద్రబాబు నాయుడు శాసనసభలో ఆర్థిక పరిస్థితిపై విడుదల చేసిన శ్వేతపత్రం మొత్తం బాధ్యతలను సుమారు 9.74 లక్షల కోట్లుగా చూపింది. ఇందులో నేరుగా ప్రభుత్వ రుణం సుమారు 4.38 లక్షల కోట్లు, కార్పొరేషన్ల అప్పు సుమారు 2.48 లక్షల కోట్లు. ప్రచారంలో చెప్పిన 14 లక్షల కోట్లు ఏమయ్యాయని జగన్ మోహన్ రెడ్డి అడగడం సబబైన ప్రశ్నే. ఎక్సైజ్ ఆదాయాన్ని తాకట్టుగా చూపి రాష్ట్రాభివృద్ధి సంస్థ పేరిట అప్పు తేవడం ఎందుకన్న ప్రశ్నకు వైసీపీ దగ్గర సరైన జవాబు లేకపోవడమూ అంతే నిజం. దానికి ముందు 2019 జులైలో ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ కూడా అంతకు ముందరి తెలుగుదేశం పాలనపై శ్వేతపత్రం తెచ్చారు, 2014లో తెలుగుదేశం కూడా అధికారంలోకి రాగానే శ్వేతపత్రాలే విడుదల చేసింది. కొత్త ప్రభుత్వం తొలి ఏడాది శ్వేతపత్రం ప్రచురించడం ఇప్పుడు గృహప్రవేశం లాంటి ఆనవాయితీ అయింది.

2024 శ్వేతపత్రంలో అందరూ దాటేసిన పద్దు ఒకటుంది. సరఫరాదారులకు, కాంట్రాక్టర్లకు చెల్లించాల్సిన బిల్లులు సుమారు 1.13 లక్షల కోట్లుగా అందులో చూపారు. ప్రభుత్వ పద్దులు నగదు ప్రాతిపదికన రాస్తారు. డబ్బు చేతులు మారిన రోజునే ఖర్చు నమోదవుతుంది, కాబట్టి చెల్లించని బిల్లు మామూలు అప్పుల పట్టికల్లో కనబడదు. ఆసుపత్రులకు చెల్లించని సొమ్ము నిజానికి ఆసుపత్రుల దగ్గర వడ్డీ లేకుండా తీసుకున్న అప్పు. ఇలాంటి అప్పుకు కేంద్రం అనుమతి అక్కర్లేదు, రిజర్వు బ్యాంకు వేలం అక్కర్లేదు, శాసనసభలో చర్చ అక్కర్లేదు. బకాయిలు ఏ ప్రభుత్వానికైనా ఇంత ఇష్టం కావడానికి కారణం ఇదే.

మంగళవారం అప్పు, చేబదుళ్లు అంటే ఏమిటి?

రాష్ట్ర ప్రభుత్వ బాండ్లను రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారాల్లో వేలం వేస్తుంది. అందుకే మంగళవారం వచ్చిందంటే అప్పు అన్న ఎగతాళి రాజకీయాల్లో పుట్టింది. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ప్రతి మంగళవారాన్నీ లెక్కపెట్టిన పార్టీ అధికారంలోకి వచ్చాక అదే వేలంలో పాల్గొంటుంది. దేశంలోని పెద్ద రాష్ట్రాలన్నీ పాల్గొంటాయి గనుక వేలానికి వెళ్లడం నేరమేమీ కాదు. చేబదులు అంటే రాబడి, ఖర్చుల మధ్య కొద్ది రోజుల తేడాను పూడ్చడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అడ్వాన్సు. దాని పరిమితి కూడా దాటితే ఓవర్‌డ్రాఫ్టు. ఓవర్‌డ్రాఫ్టులో వరుసగా 14 పనిదినాలకు మించి ఉండకూడదన్నది నిబంధన. ఏడాదిలో ఎన్ని రోజులు ఓవర్‌డ్రాఫ్టులో గడిచాయన్నది మొత్తం అప్పు అంకె కంటే ఖజానా ఆరోగ్యాన్ని సూటిగా చెబుతుంది.

రాష్ట్రం శ్రీలంక అయిపోతుందన్నారు, కాలేదు కదా? అంటే ఆ విమర్శ తప్పేనా?

పోలిక తప్పు. శ్రీలంక 2022లో డాలర్లలో తెచ్చిన విదేశీ అప్పు తీర్చలేక చెల్లింపులు ఆపింది. మన రాష్ట్రాలు రూపాయల్లో, రాజ్యాంగంలోని 293వ అధికరణం కింద కేంద్రం అనుమతితో అప్పు చేస్తాయి. వాటి బాండ్ల వాయిదాలు ఆగవు. కేంద్రం నుంచి వచ్చే పన్నుల వాటా, గ్రాంట్లు ఉంటాయి కాబట్టి పెట్రోలు బంకుల ముందు కొలంబో తరహా బారులు ఇక్కడ రావు. ఆ మాటతో భయపెట్టిన పార్టీ ఇప్పుడు తానూ అప్పులు తెస్తూ ఆ పోలికను మరిచిపోయింది.

అయితే రాష్ట్రం మరో రకంగా చేతులెత్తేస్తుంది. బాండ్లు కొన్నవారికి ఇవ్వాల్సింది ముందు ఇస్తుంది, తనను గట్టిగా అడగలేనివారికి ఆపేస్తుంది. ఉద్యోగుల డీఏ, పీఎఫ్ అడ్వాన్సులు, విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్, చిన్న కాంట్రాక్టర్ల బిల్లులు, ఆసుపత్రుల క్లెయిములు ఆ జాబితాలో ముందుంటాయి. రాష్ట్రం దివాలా తీసిందా లేదా అని తెలుసుకోవాలంటే ముంబయి బాండ్ల మార్కెట్‌ను చూడనక్కర్లేదు, జిల్లా కేంద్రంలోని ఏదైనా నెట్‌వర్క్ ఆసుపత్రి కౌంటర్ దగ్గర పావుగంట నిలబడితే చాలు.

ఉచిత పథకాల వల్లే వైద్యానికి డబ్బు లేదా?

కొంతవరకు అంతే, పూర్తిగా కాదు. నగదు బదిలీకి ఒక తేదీ ఉంటుంది. ముఖ్యమంత్రి బటన్ నొక్కుతారు లేదా సభ పెడతారు, ఆ రోజు డబ్బు పడకపోతే ప్రభుత్వం పరువు పోతుంది. ఆసుపత్రి బిల్లుకు అలాంటి తేదీ లేదు. కాబట్టి నగదు కొరత వచ్చినప్పుడు ఏది ఆగుతుందో ముందే తెలిసిపోతుంది. బటన్ నొక్కుడు పాలన అని వైసీపీని విమర్శించిన తెలుగుదేశం సూపర్ సిక్స్ హామీలతో అధికారంలోకి వచ్చింది, తెలంగాణలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలతో వచ్చింది. సంక్షేమమే వద్దనడం మా ఉద్దేశం కాదు. చేతికి వచ్చిన నగదు జబ్బు వచ్చినప్పుడు అక్కరకు వస్తుంది. కాని నగదు ఇచ్చి చికిత్స ఆపితే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టే అవుతుంది.

విమర్శల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఊసు ఎందుకు ఉండదు?

ఎందుకంటే రక్తపోటు మాత్రకు ఓట్లు రావు. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి ఖర్చు చేయాలని లక్ష్యంగా పెట్టింది. ఏ పార్టీ హయాంలో ఏ ఏడాది ఎంత శాతం ఖర్చయిందన్న చర్చ శాసనసభలో దాదాపు జరగదు. తెలంగాణలో 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల్లో పెట్టిన ఆరోగ్య క్లినిక్కులు మంచి ప్రయత్నాలే. అక్కడ మధుమేహం, రక్తపోటు అదుపులో ఉంటే డయాలిసిస్ దాకా వెళ్లే రోగులు తగ్గుతారు, అప్పుడు పెద్ద పథకం బిల్లు కూడా తగ్గుతుంది. అయితే ఈ ఫలితం కనబడడానికి పదేళ్లు పడుతుంది, ఎన్నికలు అయిదేళ్లకే వస్తాయి.

విమర్శ పక్షపాతంతో చేసినదైతే దాన్ని పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. బకాయిల అంకెలు, కార్పొరేషన్ల అప్పులు, వైద్య కళాశాలల ఫీజులు ప్రజల దృష్టికి వచ్చిందే ప్రతిపక్షం అరిచినందువల్ల. మన దగ్గర పత్రికలు, ఛానళ్లు కూడా పార్టీల వారీగా చీలిపోయాయి కాబట్టి ఒకే రోజు ఒకే బడ్జెట్‌పై రెండు పత్రికల పతాక శీర్షికలు పక్కపక్కన పెట్టి చదవడం మంచి అలవాటు. రెండింటిలోనూ ఉన్న అంకె దాదాపు నిజం. ఒకదాంట్లోనే ఉన్న అంకె వెనుక ఏ పద్దు కలిపారో, ఏది తీసేశారో వెతకాలి. విమర్శించే పార్టీ తాను అధికారంలో ఉన్నప్పుడు అదే పద్దులో ఏం చేసిందో చూస్తే విమర్శకు విలువ కట్టొచ్చు.

అంకెలు స్వయంగా ఎక్కడ చూడొచ్చు?

కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ప్రతి నెలా ఒక్కో రాష్ట్రం రాబడి, ఖర్చు, అప్పుల లెక్కలు తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఏటా ఆర్థిక స్థితిపై నివేదికను శాసనసభకు ఇస్తుంది. రిజర్వు బ్యాంకు అన్ని రాష్ట్రాల బడ్జెట్లపై ఏటా ఒక అధ్యయనం ప్రచురిస్తుంది. రాష్ట్ర ఆర్థిక శాఖ బడ్జెట్ సంపుటాల్లో ప్రభుత్వ హామీల పట్టిక ఉంటుంది. బడ్జెట్ పుస్తకంలో ఒకే పద్దుకు మూడు రకాల అంకెలుంటాయి: రానున్న ఏడాది అంచనా, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, అంతకు ముందు ఏడాది వాస్తవ ఖర్చు. నాయకులు మొదటిదే చదువుతారు, మీరు మూడోది చదవండి.

బకాయిల కారణంగా ఆసుపత్రి చికిత్సకు నిరాకరిస్తే రోగి ఏం చేయాలి?

ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర దగ్గర కార్డు వివరాలు నమోదు చేయించాలి. నమోదు జరగకపోతే ఫిర్యాదుకు ఆధారం ఉండదు. పడకలు లేవంటే ఆ మాట రాసి ఇమ్మనాలి. రాసివ్వమని అడిగిన తర్వాత పడక దొరికిన సందర్భాలు తక్కువేమీ కాదు. నగదు అడిగితే తప్పనిసరిగా రసీదు తీసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ 104 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, జిల్లాలో పథకం సమన్వయకర్తను కలవొచ్చు. నెట్‌వర్క్ ఆసుపత్రులన్నీ సేవలు ఆపిన రోజుల్లో కూడా ప్రభుత్వ బోధనాసుపత్రులు ఇదే పథకం కింద చికిత్స చేస్తాయి కాబట్టి, ప్రాణాపాయం ఉన్నప్పుడు చర్చలు ఎప్పుడు తెగుతాయా అని ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేసి గుంటూరు, కర్నూలు, విశాఖ, వరంగల్, ఉస్మానియా, గాంధీ వంటి దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లడం మంచిది.